తెల్లవారువరకు ఒగ్గుకథ

ఈ మాసమున మేము సంగీతమును గూర్చి వ్రాయదలచితిమి. వీణను గూర్చి గాదు, డోలును గూర్చి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు మల్లన్నకో, బీరప్పకో, ఎల్లమ్మకో మ్రొక్కు గలవారు ఒగ్గువారిని పిలిపించి కథ చెప్పించుకొనుట పూర్వాచారము. ఒగ్గు అనగా శివుని డమరుకము. దానిని బట్టి కథ నెత్తుకొనువారిలో బెక్కురు కురుమ, గొల్ల కులములవారు. పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుపొడులతో నేలపై పట్నము వేసి, ప్రొద్దు గ్రుంకిన పిదప డోలుపై దెబ్బ వేసినచో వాడకట్టంతయు కదలివచ్చును.

ఆ సభలో మా కన్నులు ముందుగా వెదకునది కథకుని గాదు, వినవచ్చిన స్త్రీలను. ఈ మూడు పట్టణముల చుట్టును బీడీలు చుట్టి బ్రతుకు స్త్రీలు వేలకొలది గలరు. పగలంతయు చాట ముందు గూర్చుండి తునికాకు చుట్టి, వంట ముగించి, నిద్రించు బిడ్డను భుజముపై వేసికొని వత్తురు. తెల్లవారిన మరల చాట ముందే. అట్టివారు నిద్ర నేల మానుకొందురు?

ఎల్లమ్మ కథ యొక్కటి చాలును. జమదగ్ని కోపించి తల్లి తల నరుకుమని కొడుకున కానతిచ్చుట, పరశురాముడు నరుకుట, తండ్రి యిచ్చిన వరముతోనే మరల తల్లి ప్రాణము వేడుట మనకు దెలిసినదే. పురాణము దీనిని నాలుగు మాటలలో దాటిపోవును. ఒగ్గుకథకుడు దాటడు. చీర కట్టి ఎల్లమ్మయైన పురుషుడు, నే జేసిన తప్పేమని యడుగుచు నిలిచినప్పుడు డోలు తగ్గును, తాళము సన్నగిల్లును, ముసలమ్మలు కొంగుతో కన్నులొత్తుకొందురు. ఆ కన్నీరు దేవత కొరకు మాత్రమే యని మేమనుకొనము.

కథకుడు మాట యనగానే వంతవాడు ఊకొట్టును, ఎదురడుగును, నవ్వించును. అమెరికాలోని నల్లజాతివారి 'సోల్' సంగీతమునకును మూలమిట్టిదే. వారి ప్రార్థనామందిరములలో బోధకుడు పలుకగా జనులు బదులు పలుకుదురు. 1942లో జన్మించిన అరేతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ నగరమున తండ్రి మందిరములోనే పాడి పెరిగినది. ఇంటికి వచ్చిన తనకు మర్యాద కావలెనని పురుషుడు కోరు పాటను ఓటిస్ రెడ్డింగ్ 1965లో వ్రాసి పాడగా, 1967లో ఈమె దానిని ఆడుదాని నోట బెట్టి పాడెను. లోక మిప్పుడా పాట నామెదిగానే యెరుగును! ఇక జేమ్స్ బ్రౌన్ వృద్ధిచేసిన 'ఫంక్' అనుదానిలో మొదటి దెబ్బపైనే బరువంతయు నుండునట. దెబ్బ బరువును గూర్చి మన డోలువారికి వేరెవరును నేర్పనక్కరలేదు.

వేములవాడ చెంతనున్న హనుమాజీపేట యీ కళకు బేరుగన్న యూరు. 1988లో జ్ఞానపీఠము నందుకొన్న సి. నారాయణరెడ్డిగారి జన్మస్థల మదియే. ఒగ్గుకథా ప్రసిద్ధుడు మిద్దె రాములుగారిదియు నదియే. రాములుగారు 1990లో మారిషసున జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో కథ చెప్పి, 2010లో గతించిరి.

స్త్రీలు ఒగ్గు పట్టుట మాత్రము మిక్కిలి అరుదు. ఆడుదాని దుఃఖమును ఆడుదాని గొంతుతో వినవలెనన్న వేరు కళలవైపు చూడవలెను. సిరిసిల్ల ప్రాంతమున దీసిన 'బలగం' చిత్రము 2023లో వచ్చినప్పుడు, దాని చివర బుడగజంగముల దంపతులు కొమురమ్మ, మొగిలయ్యలు పాడిన పాట విని, ఊరి బయళ్లలో తెర గట్టుకొని చూచిన జనులు వెక్కివెక్కి యేడ్చిరి. మొగిలయ్య 2024లో మరణించెను. ఆలుమగలు కలసి పాడుట వారిలో గలదు. ఒగ్గువారి యిండ్లలో ఆడుపిల్లకు డోలు నేర్పుట కేమి యడ్డు? డోలు బరువందురు. నీళ్ల బిందె బరువెంతయో ఆ మాట యన్నవారు తూచి చూచినట్లు లేదు.

ఇప్పుడు తెల్లవారువరకు చెప్పించువారు తగ్గిరి. పెండ్లికిని జాతరకును అద్దె పెట్టెల మ్రోతయే ముద్దైనది. ఒగ్గువారిని సభలకు పిలిచి గంటసేపు సమయ మిచ్చుచున్నారు. పిలుచుట మంచిదే, వారికి నాలుగు రూకలు దొరకును. కాని గంట కథలో ఎల్లమ్మ ప్రశ్నకు చోటుండదు. తల తెగును, వరము దొరకును, శాలువ కప్పుదురు.