ఒక్క బెల్టు... అన్ని పనులు!

చలికాలం పొద్దున్నే తాళం తిప్పగానే 'కీ...చ్'మని ఓ అరుపు. పక్కింటివాళ్లు కూడా నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తారు. అరనిమిషం తర్వాత ఏమీ ఎరగనట్టు బండి మామూలుగా నడుస్తుంది. అమెరికాలో పాత పికప్ ట్రక్కులున్న ఇళ్లకి ఈ సుప్రభాతం అలవాటే. ఆ అరుపు ఇంజినుది కాదు, దాని ముందు తిరిగే రబ్బరు బెల్టులది. వాటితో వేగలేక చాలామంది ఓ సెలవురోజు చూసుకుని పని మొదలుపెడతారు. ఉన్న మూడు నాలుగు బెల్టులూ పీకేసి, వాటి బదులు ఒకే ఒక్క పొడవాటి బెల్టు వేస్తారు. పాములా మెలికలు తిరుగుతూ వెళ్తుంది కాబట్టి దాని పేరు సర్పెంటైన్ బెల్టు.

వినడానికి తేలికే. కానీ ఒక్క సంగతి మరిచిపోతే... నిక్షేపంలాంటి ఇంజిను కాస్తా వేడెక్కి పాడైపోతుంది!

ఒక్కోదానికి ఒక్కోటి

ఇంజిను ముందువైపు కింద ఓ పెద్ద చక్రం తిరుగుతుంటుంది. అదే క్రాంక్ పుల్లీ. నీళ్ల పంపు, దాని మీదే ఉండే ఫ్యాను, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్... ఇవన్నీ ఆ చక్రం బలంతోనే తిరగాలి. పాత ట్రక్కుల్లో ఈ పనులన్నిటినీ వి-బెల్టులు పంచుకునేవి. డెన్వర్ నగరంలో జాన్ గేట్స్ 1917లో రూపొందించిన బెల్టు ఇది. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిషు 'వి' ఆకారంలో ఉంటుంది. పుల్లీ గాడిలో చీలలా దిగి గట్టిగా పట్టుకుంటుంది.

చిక్కల్లా దాన్ని బిగించడంలోనే. ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేయాలి. ఇనుప కడ్డీ పెట్టి ఒక చేత్తో దాన్ని పక్కకి నెడుతూ రెండో చేత్తో పానా తిప్పాలి. వదులైతే బెల్టు జారి అరుస్తుంది. మరీ బిగిస్తే బేరింగులు అరిగిపోతాయి. కొత్త బెల్టు నాలుగు రోజులు తిరిగితే సాగుతుంది, మళ్లీ బిగింపు మొదలు! అన్నిటికన్నా లోపలున్నది తెగిందా... దాని కోసం ముందున్న మంచి బెల్టుల్నీ విప్పాల్సిందే.

వీపుతోనూ పనే

1979 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కారుతో సర్పెంటైన్ బెల్టు రోడ్డెక్కింది. దీని తీరే వేరు. వెడల్పుగా, పల్చగా ఉంటుంది. లోపలివైపు నిలువునా సన్నటి గాళ్లుంటాయి. ఆరు గట్లున్న బెల్టు వెడల్పు సుమారు 21 మిల్లీమీటర్లు. పల్చన కాబట్టి చిన్న పుల్లీ చుట్టూ కూడా ఇట్టే వంగుతుంది. వెనక్కీ వంగుతుంది. అందుకే గాళ్లున్న వైపుతో కొన్నిటిని, నున్నటి వీపుతో మరికొన్నిటిని తిప్పగలదు. బిగింపు పని స్ప్రింగుతో ఉండే టెన్షనర్ చూసుకుంటుంది. బెల్టు కాస్త సాగినా అదే సర్దుకుంటుంది. కడ్డీతో కుస్తీ పట్టే అవసరం లేదు!

జనరల్ మోటార్స్ 1988 మోడల్ నుంచి తన కొత్త తరం పికప్‌లలో ఈ పద్ధతి తెచ్చింది. 1973 నుంచి 1987 దాకా వచ్చిన పాత షెవర్లే ట్రక్కుల్లోనూ, కొత్తవాటిలోనూ ఎక్కువగా కనిపించేది ఒకే కుటుంబానికి చెందిన 5.7 లీటర్ల వి8 ఇంజినే. ఇంకేం, కొత్తదాని ముందుభాగం సామాను తెచ్చి పాతదానికి తగిలించొచ్చన్నమాట. ఈ ఉపాయం అంతగా పాకడానికి కారణం అదే.

సవ్యం... అపసవ్యం

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పాత పద్ధతిలో నీళ్ల పంపు క్రాంక్ తిరిగే దిక్కుకే తిరిగేది. ఈ ట్రక్కుల సర్పెంటైన్ అమరికలో పంపుని తిప్పేది బెల్టు వీపు. దాంతో దిక్కు మారిపోతుంది. సవ్యంగా తిరగాల్సింది అపసవ్యంగా తిరుగుతుంది!

పాత పంపు బాగానే ఉంది కదా అని దాన్నే ఉంచేస్తే? పుల్లీ అమరుతుంది, బెల్టు తిరుగుతుంది, చప్పుడు ఉండదు. చూసేవాళ్లకి అంతా బాగున్నట్టే. కానీ లోపలి రెక్కలు ఎదురు తిరుగుతూ నీటిని సరిగ్గా తోయలేవు. పంపుకే బిగించిన ఫ్యానుదీ అదే కథ. రేడియేటర్ గుండా గాలిని లోపలికి లాగాల్సింది పోయి ఎదురు తోస్తుంది. బరువేసుకుని ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు వేడి సూచించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. అప్పటికీ ఆపకపోతే హెడ్ వంకరపోవచ్చు, గాస్కెట్ పోవచ్చు. అందుకే పంపు, ఫ్యాను, ఫ్యాను క్లచ్... మూడూ ఎదురు దిక్కున తిరిగే రకానివే వేయాలి. కరెంటు ఫ్యాను పెట్టుకునేవాళ్లకి పంపు ఒక్కటి మారిస్తే చాలు.

సెట్టు విడదీయొద్దు

పాత బళ్ల యార్డులో తలా ఒక ముక్క ఏరుకుంటే సరిపోదు. పుల్లీలన్నీ ఒకే వరుసలో ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా బెల్టు అరుస్తుంది, అంచులు చిరుగుతాయి, ఒక్కోసారి జారి బయటికొచ్చేస్తుంది. బ్రాకెట్లు, పుల్లీలు, టెన్షనర్, పంపు, చివరికి బోల్టులతో సహా ఒకే బండి నుంచి తెచ్చుకోవడం మేలు. బిగించాక తిన్నటి ఇనుప బద్ద ఆనించి వరుస చూసుకోవాలి.

1969 కన్నా ముందు ఇంజిను అయితే మరో ఆటంకం. ఆ హెడ్‌ల ముందువైపు బ్రాకెట్లు బిగించే రంధ్రాలే ఉండవు. కొత్త ఆల్టర్నేటర్ వైర్లు, స్టీరింగ్ పంపు గొట్టాలు పాతవాటికి నేరుగా కలవకపోవచ్చు. ఏసీ విప్పాలంటే ముందు లోపలి గ్యాస్‌ని యంత్రంతో లాగించాలి. దాన్ని గాల్లోకి వదలడం అమెరికాలో 1992 నుంచి నేరం.

అసలు మార్చాలా?

ఏసీ, పవర్ స్టీరింగ్ లేకుండా ఒకటి రెండు బెల్టులతో నడిచే ట్రక్కుకి ఈ తంటా అక్కర్లేదు. పైగా వి-బెల్టుల్లో ఓ సుగుణం ఉంది. ఏసీది తెగితే ఏసీ ఒక్కటే ఆగుతుంది, బండి ఇల్లు చేరుతుంది. సర్పెంటైన్ తెగితే మాత్రం పంపు, ఛార్జింగ్, స్టీరింగ్ అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. సౌకర్యంతోపాటు వచ్చే బాధ్యత అది.

ఆ బాధ్యత మనకీ ఉంది. మన ఇళ్ల ముందున్న కార్లలో చాలావాటికి ఉన్నది ఇలాంటి గాళ్ల బెల్టే. ఒకప్పటి బెల్టులు పగుళ్లిచ్చి ముందే హెచ్చరించేవి. ఇప్పటి రబ్బరు పగలకుండానే టైరులా లోలోపల అరుగుతుంది. అందుకే సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు 'బెల్టు గాళ్లు ఎంత అరిగాయో చూడండి' అని అడగాలి. దారిలో ఛార్జింగ్ లైటు వెలిగి, స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కితే బెల్టు తెగిందేమోనని అనుమానించాల్సిందే. 'పక్క ఊరు దాకా పోదాంలే' అనుకోకుండా వెంటనే బండి పక్కకి ఆపాలి.

అక్కడ ట్రక్కు మార్చుకున్నవాళ్లు చివరగా ఓ చిన్న పని చేస్తారు. బెల్టు ఎటునుంచి ఎటు వెళ్తుందో కాగితం మీద గీసి బానెట్ లోపల అంటిస్తారు. సీటు కింద ఓ కొత్త బెల్టు పడేసుకుంటారు. నడిరోడ్డు మీద చీకట్లో, వానలో ఆ రెండూ చేతిలో ఉంటే పది నిమిషాల పని. లేకపోతే... తెల్లారేదాకా ఎదురుచూపే!