రోగికి తెచ్చే రొట్టె గురించి ఒక మాట



ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వచ్చే బంధువుల చేతి సంచిలో బ్రెడ్డు ప్యాకెట్టు తప్పకుండా ఉంటుంది. తేలికగా అరుగుతుంది గనుక పాలలో ముంచి తినిపించమని మేము కూడా చెబుతుంటాం. అందుకే ఈ సంగతి మీకు తెలియజేయడం మా బాధ్యత అనుకుంటున్నాం.

రొట్టె బాగా పొంగి, మెత్తగా, తెల్లగా రావాలని వెనుకట బేకరీలలో మైదాపిండిలో పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం కలిపేవారు. తగు మాత్రంగా వేసి బాగా కాలిస్తే అది బ్రోమైడ్‌గా మారిపోతుంది. మోతాదు ఎక్కువైనా, సరిగా కాలకపోయినా కొంత రొట్టెలోనే మిగిలిపోతుంది. 1980లలో జపాన్ శాస్త్రజ్ఞులు దీనిని నీటిలో కలిపి ఎలుకలకు ఇవ్వగా వాటి మూత్రపిండాలలో కాన్సర్ గడ్డలు పుట్టాయి. బ్రిటన్ 1990లో దీనిని నిషేధించింది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1999లో దీనిని మనుషులకు కాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థంగా పేర్కొన్నది.

మన దేశంలో నిషేధం వచ్చింది 2016 జూన్‌లో. అది కూడా, అంతకు ముందు నెలలో ఢిల్లీలోని ఒక స్వచ్ఛంద సంస్థ, సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, 38 నమూనాలను పరీక్షించి, 84 శాతంలో బ్రోమేట్ గాని అయోడేట్ గాని ఉన్నదని బయటపెట్టిన తరువాతనే.

1999 నుండి లెక్కిస్తే 17 సంవత్సరాలు! మనుషులలో రుజువు కాలేదు కదా అని కొందరు అంటారు. నిజమే. ఇదివరకు తిన్న రొట్టెను తలచుకొని ఎవరూ భయపడనవసరం లేదు. కాని మనుషులలో రుజువు కావాలంటే మనుషులు జబ్బు పడేవరకు ఆగాలి. వార్డులో ఒక మందు సీసా మీద అనుమానం వస్తే మేము ముందు దానిని పక్కన పెడతాం, ఆ తరువాతే విచారిస్తాం. ప్రభుత్వం కూడా అలాగే చేయాలని మా అభిప్రాయం. అందులోనూ, బ్రోమేట్‌కు బదులు విటమిన్ సి వాడి కూడా మంచి రొట్టె చేయవచ్చు.

నిషేధం కాగితం మీద ఉంటే చాలదు. ఊరూరా బేకరీలలో నమూనాలు తీసి పరీక్షించాలి, ఫలితాలు ప్రజలకు చెప్పాలి. మన వంతు పని కూడా ఉన్నది. ప్యాకెట్టు మీద 14 అంకెల లైసెన్సు నంబరు, అందులో కలిపిన పదార్థాల పేర్లు చూసి కొనండి. అనుమానముంటే ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయండి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం, కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, రుసుము చెల్లించి మీరే పరీక్ష చేయించవచ్చు. తప్పు తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు.

రోగి కోసం ప్రేమతో తెచ్చేది మేలు చేయాలి. అది చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అడగవలసిన బాధ్యత మనది.