తెల్లబట్టలు వేసుకున్న వాళ్ళంతా నర్సులు కారు

మంచాన పడ్డ పెద్దవాళ్ళకు మనిషిని పెట్టుకుందామంటే మన గుంటూరు వైపు ముందుగా వినపడే మాట, "కోడలుండగా ఆయా ఎందుకమ్మా?" అని. ఈ మాటకు జడిసి నడుం విరగ్గొట్టుకుంటున్న ఆడవాళ్ళు ఎందరో! తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అంది. అందులో కోడలి పేరు లేదు. కాబట్టి మనిషిని పెట్టుకోవడం తప్పా ఒప్పా అన్న చర్చ ఇక చాలు. ఎలాంటి మనిషి కావాలన్నదే ఆలోచించవలసిన సంగతి.

నాకు తెలిసిన ఒకావిడకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లోనే నర్సును మాట్లాడారు. వచ్చిన అమ్మాయి తెల్లబట్టలు వేసుకుంది, ఓపిగ్గా స్నానం చేయించింది, అన్నం పెట్టింది. మూడో వారానికి పెద్దావిడ నడుం కింద పుండు పడింది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. తప్పు ఆ పిల్లది కాదు, నర్సని చెప్పి పంపినవాళ్ళది.

లేపడం, నడిపించడం, స్నానం, తిండి వరకైతే పని తెలిసిన ఆయా చాలు. ముక్కు గొట్టం, మూత్రపు గొట్టం, పుండుకు కట్లు, ఇంజెక్షన్లు ఉంటే నర్సే కావాలి. ఏఎన్ఎం రెండేళ్ళ చదువు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరై ఉండాలి. ఆ కాగితం చూపించమనడానికి మొహమాటం దేనికి? పక్షవాతం వచ్చినవారికి వ్యాయామాలు చేయించవలసింది ఫిజియోథెరపిస్టు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజే, ఏ పనికి ఎవరు కావాలో డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.

ఇక వచ్చిన మనిషి సంగతి. మిరపకోతలకు వెళితే సాయంత్రానికి కూలి డబ్బు చేతికొస్తుంది, రాత్రికి తన ఇంట్లో తను నిద్రపోతుంది. అంతకన్నా తక్కువిచ్చి రాత్రింబవళ్ళూ కనిపెట్టుకుని ఉండమంటే ఎవరుంటారు? ఆమెకు నిద్రకో వేళ, వారానికో సెలవు ముందే మాట్లాడుకోండి. ఆమె చేసే పని, చేయకూడని పని కూడా చెప్పండి. ఇంజెక్షన్ వేయమని ఆయాను బలవంతపెట్టకండి.

అన్నిటికన్నా ముందు, పడుకున్న ఆ పెద్దావిడను కూడా ఒక్కమాట అడగండి. ఒంటిమీద చెయ్యి వేసే మనిషి ఎవరో చెప్పే హక్కు ఆమెదే కదా!