ఫోన్ నిండా దొంగ మెసేజ్‌లు, తప్పు మాత్రం రైతుదట!

రైతు భరోసా పైసలు పడే రోజులు దగ్గరికొస్తే మన ఊళ్లలో ఫోన్లు ఊకె మోగుతుంటాయి. మిర్చి తోటకు మందు తేవాలి, పత్తి ఏరిన కూలీలకు ఇయ్యాలి. అందుకే మోగిన ప్రతిసారీ తీసి చూస్తాం. చూస్తే ఏముంటది? లోన్ మంజూరైందని ఒకటి, రమ్మీ ఆడమని ఇంకొకటి, కేవైసీ కాకపోతే ఖాతా బంద్ అని మరొకటి.

ఈ దొంగలకు మన పంటల క్యాలెండర్ మనకంటే బాగా తెలుసు. 2024 జూలైలో రుణమాఫీ మొదలుకాగానే బ్యాంకుల బొమ్మలు పెట్టుకొని వాట్సాప్‌లో ఫైళ్లు పంపారు. జాగ్రత్త అని రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో చెప్పాల్సి వచ్చింది. పీఎం కిసాన్ పేరుతోనూ ఇదే ఆట. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటది. నొక్కి ఎక్కించుకున్నామంటే అది మన మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. 'సరే' అన్నామా, బ్యాంకు పంపే ఓటీపీ మనకంటే ముందు వాడికి చేరుతుంది. మనం ఎవరికీ నంబర్ చెప్పకపోయినా ఖాతా ఖాళీ. ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ వాట్సాప్‌లో ఇట్లాంటి ఫైలు పంపి ఎక్కించుకోమనదు.

అవగాహన సభలు పెట్టి "రైతులు అప్రమత్తంగా ఉండాలి" అని చెప్పి పోతున్నారు. మంచిదే. కానీ మమ్మల్ని ఫోనుకు కట్టేసింది ఎవరు? ఈ-కేవైసీకి ఓటీపీ, రైతు రిజిస్ట్రీకి ఓటీపీ. పట్టా పాసుపుస్తకం చూపిస్తే అయ్యే పని కాదిప్పుడు. రోజూ ఓటీపీ చెప్పించుకునే చోట, చెప్పొద్దన్న మాట ఎవరి చెవికెక్కుతుంది?

గుర్తుపట్టే దారి ఒకటి ఉంది, దాన్ని సభల్లో సరిగ్గా చెప్పడం లేదు. ట్రాయ్ 2025లో తెచ్చిన నిబంధన ప్రకారం, మెసేజ్ పంపినవారి పేరు చివర అడ్డగీత పెట్టి ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. 'జీ' అంటే ప్రభుత్వం, 'టీ' అంటే లావాదేవీ, 'ఎస్' అంటే సేవ, 'పీ' అంటే ప్రచారం. పది అంకెల మామూలు నంబర్ నుంచి "మీ బ్యాంకు" అని వచ్చిందంటే అది దొంగదే అనుకోండి. ఇంగ్లిష్ రాని ముసలోళ్లకు ఈ నాలుగు అక్షరాలు గోడ మీద రాసి చూపించినా చాలు.

ఇంకో చిక్కు ఉంది. ఫోన్ తనంతట తాను కొన్ని మెసేజ్‌లను 'స్పామ్' అనే చెత్తబుట్టలోకి తోస్తుంది, అప్పుడు మోత కూడా రాదు. ఒక్కోసారి నిజమైనవీ అందులో పడతాయి. వారానికోసారి పిల్లలతోనైనా తెరిపించి చూడాలి. మీసేవలో ఎవరో తెరిచిపెట్టిన జీమెయిల్ ఉంటే అదీ చూడాలి. అందులో స్పామ్‌లో పడినవి 30 రోజులకు వాటంతట అవే పోతాయి.

పైసలు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ రాతలో ఇయ్యండి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన పొరపాటు ఉన్నా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకే భరించాలి. అంతకుముందు పోయింది మనదే. అందుకే గంట గంటా లెక్కే. "నువ్వే నొక్కినవ్ కదా" అని కౌంటర్ దగ్గర ఎవరైనా తిప్పి పంపితే ఈ ఉత్తర్వు తేదీ చెప్పండి.

మా డిమాండ్ పెద్దదేం కాదు. ఏ పథకం పైసలు ఎప్పుడు పడతాయో, ఎవరివి ఎందుకు ఆగాయో రైతు వేదిక గోడకూ, పంచాయతీ ఆఫీసుకూ కాగితం అంటించాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, గోడలకు కొదవ లేదు. ప్రభుత్వం పంపే మెసేజ్‌లో నొక్కే లింకే ఉండొద్దు. లింకున్నది దొంగదని అప్పుడు చిన్న పిల్లగాడైనా చెప్తాడు. 1930కి చేయడం రానివాళ్ల ఫిర్యాదును మండల పోలీస్ స్టేషన్‌లోనే రాసుకోవాలి.

ఈ మూడింటితో తహసీల్దార్‌కు వినతిపత్రం ఇస్తున్నాం. సంతకానికి వచ్చేటప్పుడు దొంగ మెసేజ్ వచ్చిన ఫోన్ వెంట తీసుకురండి. మెసేజ్‌ను మాత్రం తుడిచేయకండి.