మైకు బంద్ పెట్టి తఖ్రీర్ నేర్పుతారా?



ఈసారి నా కొట్లాట ఇద్దరితో. ఒకరు, మన పిల్లలకు ఫోన్లో 'కమ్యూనికేషన్ స్కిల్స్' చెప్పే కాలేజీ వాళ్లు. ఇంకొకరు, ఆ పిల్లల ఇళ్లలోని పెద్దలు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. చేస్తున్న పని మాత్రం ఒకటే. పిల్లల జబాన్ మ్యూట్‌లో పెట్టి, మాట్లాడటం వచ్చేసిందని కాగితం చేతికిస్తున్నారు.

మా బిజినేపల్లి నుంచి పిల్లలు డిగ్రీకి పాలెం పోతారు, నాగర్‌కర్నూల్ పోతారు, కొందరు పాలమూరు దాకా పోతారు. సాయంత్రం కొందరు ఆడపిల్లలు తెలుగు రాయడం, చదవడం కోసం నా దగ్గరికి వస్తారు. నన్ను ఖాలా అంటారు. వాళ్ల ఫోన్లలో ఈ క్లాసులు నేనూ చూశాను. సార్ స్క్రీన్ మీద ఒక పేజీ పెడతారు. 'మాట్లాడేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆయన చదువుతారు. కింద చిన్న చిన్న గడుల్లో పేర్లు, ప్రతి పేరు పక్కన గీత కొట్టిన మైకు బొమ్మ. ఎవరి కళ్లలోకి చూడాలి? చివర్లో 'ఎనీ డౌట్స్?' అంటారు. ఎవరూ పలకరు. హాజరు పడుతుంది. సెమిస్టర్ చివర్లో 'మంచి వక్త లక్షణాలు రాయుము' అని పరీక్ష.

తఖ్రీర్‌కు రాత పరీక్ష! చెరువు గట్టు మీద కూర్చోబెట్టి ఈత గురించి వ్యాసం రాయించి, పాసయ్యావు పో, దూకు అన్నట్టే ఉంది.

కరోనా కాలంలో గతిలేక అలా చేశారు, ఇప్పుడెందుకు ఈ గొడవ అని కొందరంటారు. నిజమే, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. డిగ్రీ పిల్లలు ఫోన్లు పట్టుకుని మేడలెక్కారు. కాలేజీ గేట్లు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. కానీ కరోనా పోయినా ఆన్‌లైన్ పోలేదు. కేంద్రం 2017లో పెట్టిన 'స్వయం' వేదిక మీద సాఫ్ట్ స్కిల్స్ కోర్సులున్నాయి. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అక్కడే చదువుకోవచ్చని యూజీసీ 2021లో నియమం తెచ్చింది. అంటే రేపటి మన పిల్లలు ఫోన్లోనే చాలా నేర్చుకోబోతున్నారు. అందుకే ఇప్పుడే అడగాలి.

ఇక ఇంటి సంగతికి వస్తాను. ఇక్కడ కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

క్లాసులో ఎప్పుడో ఒకసారి సార్ పేరు పిలుస్తారు. 'మీ ఊరి గురించి రెండు నిమిషాలు మాట్లాడమ్మా' అంటారు. పిల్ల మైకు తెరుస్తుంది. వెనక నుంచి దాదీ గొంతు: 'ఇత్తా జోర్ సే నక్కో బోల్, బాహర్ సునాయీ దేతా.' అబ్బా చెయ్యి ఊపుతాడు, చాలు చాలు అని. పక్క గదిలో తమ్ముడు పబ్‌జీ ఆడుతూ వాడకట్టంతా వినపడేలా అరుస్తుంటాడు, వాడిని ఎవరూ ఏమీ అనరు. పిల్ల 'నెట్ ప్రాబ్లం సార్' అని మెసేజ్ పెట్టి మైకు మూసేస్తుంది. ఆ నెట్ ప్రాబ్లం ఏ టవర్‌దో మనందరికీ తెలుసు.

అడిగితే హయా అంటారు, పర్దా అంటారు. సరే, దీన్ మాటే మాట్లాడుకుందాం. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా నుంచి మనకు అందిన హదీసులు 2,210. పెద్ద పెద్ద సహాబాలు మసలా అడగడానికి ఆమె గుమ్మానికి వచ్చేవారు. ఆమె పర్దా వెనక నుంచి జవాబు చెప్పేవారు, తప్పు చెప్పినవాళ్లను సరిదిద్దేవారు. పర్దా వెనక నుంచి పాఠం! ఈనాటి మాటలో చెప్పాలంటే కెమెరా బంద్, మైకు చాలూ. మన ఇళ్లలో కెమెరాతో పాటు మైకూ బంద్ చేయించి, దానికి ఆమె పేరే చెప్తున్నారు.

హజ్రత్ అస్మా బింతె యజీద్ సంగతి పిల్లలకు ఎవరైనా చెప్పారా? ఆడవాళ్లందరి తరఫున హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వెళ్లి, జుమా, జనాజా, జిహాద్‌ల సవాబు మగవాళ్లకేనా, ఇల్లూ పిల్లలూ చూసుకునే మా సంగతేమిటి అని నిండు మజ్లిస్‌లో అడిగిన తల్లి ఆమె. ఆమె అడిగిన తీరును హుజూర్ సహాబాల ముందు మెచ్చుకున్నారు. ఆమెకు ఖతీబతున్నిసా అని పేరు. మన ఆడపిల్లలకు అస్మా అని పేరు పెట్టుకుంటాం గాని, ఆమెలా అడగడం మాత్రం నేర్పం.

ఇంకొకటి. నికాహ్‌లో పిల్ల ఇజాజత్ తీసుకోమని దీన్ చెప్పింది. పెళ్లికాని పిల్ల సిగ్గుతో నోరు మెదపకపోతే ఆ మౌనమే అంగీకారంగా తీసుకోవచ్చని ఒక రుఖ్సత్ ఇచ్చింది. అది ఆమె సిగ్గుకు ఇచ్చిన సౌకర్యం. దాన్ని జీవితమంతటికీ హుకుం చేసి కూర్చున్నారు. జోడే కీ రఖమ్ ఎంత అని బేరం జరుగుతుంటే మౌనం, చదువు ఆపేస్తుంటే మౌనం, దెబ్బలు తింటున్నా మౌనం. ఇవి ఏ కితాబులో ఉన్నాయో చూపించండి.

మగపిల్లలు బాగా మాట్లాడుతున్నారా అంటే అదీ లేదు. చాయ్ హోటల్ ముందు నలుగురు కూడితే మాటల వరద. అదే పిల్లాడు ఇంటర్వ్యూలో కూర్చుంటే చొక్కా చెమటతో తడుస్తుంది. 2007 నుంచి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది, మన పిల్లలకు సీట్లొచ్చాయి. సీటు దాకా కానూన్ తీసుకెళ్లింది. ఆ తర్వాత సెమినార్‌లో, ఇంటర్వ్యూలో, ఆఫీసులో నోరు తెరవాల్సింది వాళ్లే కదా.

ఇక్కడ జబాన్ల చిక్కు ఒకటుంది. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, మస్జిద్‌లో కితాబీ ఉర్దూ బయాన్, కాలేజీలో ఇంగ్లీషు. నాలుగు భాషలు చెవిన పడతాయి. ఏ ఒక్కదాంట్లోనూ నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడిన తజుర్బా ఉండదు. ఆ పిల్లను తీసుకొచ్చి మొదటి రోజే ఇంగ్లీషులో మాట్లాడు అంటారు. ఆమె భయం మాటకా, ఇంగ్లీషుకా? రెండూ కలిపేశారు గనుక ఆమెకే తెలియదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ సైన్సు, కానూన్, వైద్యం దాకా ఉర్దూలో చెప్పింది. అంతంత ఇల్మ్ ఇంటి జబాన్‌లో చెప్పగలిగిన గడ్డ మీద, 'మా ఊరి చెరువు' గురించి రెండు నిమిషాలు తెలుగులోనో దక్కనీలోనో మాట్లాడనివ్వలేమా? ముందు మాట రానివ్వండి. ఇంగ్లీషు దాని వెనక వస్తుంది.

నత్తి ఉందని, 'స' బదులు 'ష' వస్తుందని వెనక్కి తగ్గే పిల్లలూ ఉన్నారు. ఫిరౌన్ దర్బారుకు వెళ్లి మాట్లాడమని హుకుం వచ్చినప్పుడు మూసా అలైహిస్సలాం ఏం అడిగారు? ఫౌజు అడగలేదు. గుండెను విశాలం చెయ్యమని, నాలుక ముడి విప్పమని అడిగారు, నాకంటే బాగా మాట్లాడగల అన్న హారూన్‌ను తోడివ్వమని అడిగారు. జబాన్‌లో ముడి ఉండటం ఐబ్ అయితే అల్లాహ్ ఆయననే ఎందుకు పంపుతాడు? హిజ్రీ రెండో శతాబ్దంలో బస్రాలో వాసిల్ బిన్ అతా అనే ఆలిం ఉండేవాడు. ఆయనకు 'ర' పలికేది కాదు. 'ర' లేని మాటలే ఏరుకుని నిండు సభలో ఖుత్బా ఇచ్చాడని అరబ్బీ పుస్తకాలు చెప్తాయి. అంత మష్ఖ్ చేశాడన్నమాట.

ఇంత గొడవ దేనికి, మన పిల్లలేమైనా లీడర్లు కావాలా అనేవాళ్లకు ఒక్క మాట. 2025 జనవరి 21 నుంచి 24 దాకా మన రాష్ట్రంలో ఊరూరా గ్రామసభలు జరిగాయి. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా జాబితాలు అక్కడ చదివారు. పేరు రానివాళ్లు అక్కడే నిలబడి అడగాలి. ఏ కాగితం ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో, ఎందుకు రాలేదో నాలుగు ముక్కల్లో చెప్పాలి. చెప్పగలిగినవాళ్ల మాట రాసుకుంటారు. వెనక నిలబడి బుర్ఖా కొంగు నలుపుకుంటూ పక్కామెతో గుసగుసలాడితే ఎవరికి వినపడుతుంది? డిగ్రీ చదివే కూతురు పక్కనే ఉంటుంది, ఆమె నోరూ లేవదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవి. మన వాడ నుంచి ఒక బెహెన్ వార్డు మెంబర్ అయితే మాట్లాడేది ఆమేనా, ఆమె షౌహరా?

మనకు అలాంటి ఆడవాళ్లు లేక కాదు. హైదరాబాద్‌లో సుఘ్రా హుమాయూన్ మీర్జా 'అన్నిసా' పత్రిక నడిపారు, సభల్లో తఖ్రీర్లు చేశారు, 1934లో ఆడపిల్లలకు సఫ్దరియా బడి పెట్టారు. మాసూమా బేగం 1952లో శాసనసభకు గెలిచి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయ్యారు. వాళ్లది నవాబుల ఖాందాన్ అంటారేమో. అవును, వాళ్లకు హవేలీలున్నాయి, మన పిల్లలకు ఫోనుంది. ఆ ఫోన్లో మైకూ ఉంది.

కాలేజీ వాళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. ఈ సబ్జెక్టుకు సగం మార్కులైనా నోటితో మాట్లాడినందుకు ఇవ్వండి. అరవై మందిని ఒకేసారి కూర్చోబెట్టకుండా అయిదారుగురి గుంపులు చెయ్యండి, ప్రతి పిల్లకూ వారానికి రెండు నిమిషాలు దొరకాలి. కెమెరా తెరవమని పట్టుపట్టకండి. గొంతు ఒక్కటే అయితే నెట్ తక్కువ పడుతుంది, ఇంట్లో తగాదా కూడా తగ్గుతుంది. మాట్లాడాక ఒక మంచి, ఒక లోపం చెప్పండి. వినేవాళ్లలో ఒకరు సవాల్ అడగాలి. జవాబు చెప్పడంలోనే అసలు తాలీమ్ ఉంది.

ఇంటివాళ్లను అడిగేది ఇంకా చిన్నది. క్లాసు టైంలో టీవీ ఆపండి, ఒక గది ఇవ్వండి, తమ్ముడిని బయటికి పంపండి. పిల్ల తన మాట ఫోన్లో రికార్డు చేసి తనే వింటుంది, మళ్లీ చెప్తుంది. ఆ మష్ఖ్‌ను నవ్వులాట చెయ్యకండి. ఆదివారం ఇషా తర్వాత దస్తర్‌ఖాన్ ఎత్తాక ఆమెను లేపి, బ్యాంకులో ఏం జరిగిందో, రేషన్ షాపులో ఏం అడగాలో ఇంటిల్లిపాదికీ చెప్పమనండి. మధ్యలో అందుకోకుండా చివరి దాకా వినండి. అబ్బా వింటే చాలు, ఆ పిల్లకు సగం భయం పోతుంది.

మస్జిద్ కమిటీ పెద్దలకూ ఒక దర్ఖాస్త్. సీరత్ జల్సాకు బయటి నుంచి ముఖర్రిర్లను పిలిపిస్తారు, మంచిదే. అందులో ఒక అరగంట మన పిల్లలకివ్వండి. మగపిల్లలు స్టేజీ మీద, ఆడపిల్లలు ఖవాతీన్ వైపు నుంచి మైకులో. తెలుగులో చెప్పినా సరే. హిందూ దోస్తులకూ అర్థమవుతుంది, హుజూర్ సీరత్ వాళ్లకూ చేరుతుంది.

రేపు మీ ఇంట్లో పిల్ల పేరు క్లాసులో పిలిస్తే, దయచేసి ఎవరూ చెయ్యి ఊపకండి. రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి.

వల్లాహు ఆలం.