బొమ్మకి కొత్త గుర్తులెందుకు?

మార్క్‌డౌన్‌లో నోట్సు రాసుకునే మిత్రులు కొందరు బొమ్మల కోసం కొత్త గుర్తులు కావాలంటున్నారు. నేనొప్పుకోను. 2004లో జాన్ గ్రూబర్ ఆ పద్ధతి తెచ్చింది, ముడి రాత కూడా హాయిగా చదువుకునేలా ఉండాలనే కదా! మూడు బ్యాక్‌టిక్‌ల కంచె కట్టి, పక్కన ‘మెర్మెయిడ్’ అనో ‘డాట్’ అనో భాష పేరు రాస్తే సరి. గీయగల సాఫ్ట్‌వేర్ బొమ్మ గీస్తుంది. చేతకానిది లోపలి రాతని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ‘దరఖాస్తు --> పరిశీలన’ అని ఉంటే, పదేళ్ళ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా సంగతి బోధపడదూ? సొంత గుర్తులైతే, అవి తెలియని చోట అంతా కలగాపులగం. గిట్‌హబ్ సైతం 2022లో మెర్మెయిడ్‌ని ఈ కంచెలోనే చేర్చుకుంది.

ఒక్క చిక్కుంది. బొమ్మ వెడల్పు, శీర్షిక ఎక్కడ రాయాలి? భాష పేరు పక్కనే రాయనివ్వాలంటాను. అక్కడి మాటలకి అర్థమేమిటో కామన్‌మార్క్ నిర్ణయించకుండా వదిలేసింది. ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుతున్నారు. మనవాళ్ళు బుర్ర పెట్టాల్సింది అక్కడ.