సాయంత్రం ముఖానికి రాసే క్రీము – మా అభిప్రాయం



బి.పి., షుగరు, క్షయ గురించి రాసే ఈ పేజీలో ముఖానికి రాసుకునే మసాజ్ క్రీము సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. మా ఓ.పి.కి చర్మం చూపించుకోవడానికి వచ్చే ఆడవారిలో చాలామంది చేతిసంచిలో ఏదో ఒక క్రీము ఉంటున్నది. దానిని బయటకు తీయడానికి మాత్రం సిగ్గుపడుతున్నారు. పక్కనే కూర్చున్న అత్తగారు "సోకులకు పోయి మొహం పాడుచేసుకుందండీ" అని ఒక మాట అనేస్తారు. ఆ మాటతో మేము ఏకీభవించము.

జనవరి నుండి ఏప్రిల్ వరకు మన పల్నాడులో మిరప కోతలు. తెల్లవారుజామున ఆటో ఎక్కి వెళ్ళిన మనిషి పొద్దు వాలేవరకు చేలో వంగి కాయ కోస్తుంది. ఇక రెంటచింతల ఎండల సంగతి మీకు మేము చెప్పాలా? 45 డిగ్రీలు దాటిన రోజులు అందరికీ అనుభవమే. ఎండకు, దుమ్ముకు, మిరప ఘాటుకు ముఖం బిగుసుకుపోయి పొట్టు లేస్తుంది. అటువంటి ముఖానికి సాయంత్రం పూట చిక్కని క్రీము రాసి ఐదు నిమిషాలు మర్దన చేసుకుంటే అది సోకు ఎలా అవుతుంది? రోజు మొత్తం మీద ఆమె తనకోసం ఉంచుకున్నవి బహుశా ఆ ఐదు నిమిషాలే.

అయితే క్రీము ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలిసి వాడాలి. అందులోని నూనె, మైనం చర్మం మీద పలుచని పొరలాగా నిలిచి లోపలి తేమ ఆరిపోకుండా ఆపుతాయి. మర్దన వలన కాసేపు ముఖం కళగా ఉంటుంది, అలసట తీరినట్లుంటుంది. రంగు మారదు. ముడతలు పోవు. మంగు మచ్చలు అసలే పోవు, గట్టిగా రుద్దితే ఇంకా నల్లబడవచ్చు కూడా. మంగుకు కావలసింది పగటిపూట ఎండ తగలకుండా చూసుకోవడం. పొడి చర్మానికి ఖరీదైన డబ్బా చేసే పనిని చాలావరకు మామూలు వ్యాసలీను కూడా చేస్తుంది. మొటిమలు వచ్చే వయసు పిల్లలకు మాత్రం రెండూ వద్దు, కొబ్బరినూనె కూడా వద్దు. చెమట పోసే మే నెలలో పెద్దలకు కూడా చిక్కని క్రీముతో పెద్దగా పనిలేదు. డిసెంబరు చలికి బాగా పనికొస్తుంది.

ఒక జాగ్రత్త క్రీము డబ్బాల మీద ఎక్కడా కనబడదు. వాటిని తయారుచేసేవారు మిరప చేను చూసి ఉండరు కాబోలు! కాయ కోసిన చేతులతో ముఖం ముట్టుకోకండి. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు వేరుశనగ నూనె పట్టించి, గోళ్ళ సందులతో సహా బాగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. రెండోసారి కూడా కడిగితే మంచిది. అప్పుడు ముఖం చన్నీళ్ళతో కడుక్కొని, తడి పూర్తిగా ఆరకముందే శనగగింజలు రెండింటంత క్రీము తీసుకోండి. పైకి రుద్దాలా కిందికి రుద్దాలా అని వాదించుకోనక్కరలేదు, మెత్తగా రుద్దితే చాలు. కంటి రెప్పల దగ్గరకు పోవద్దు. మిగిలిన జిడ్డు మెత్తని నూలుగుడ్డతో అద్దేయండి.

ఇక మాకు నిజంగా భయం కలిగించే విషయం. మొన్న ఒక చెల్లెలు తెచ్చిన డబ్బా మీద పేరు లేదు, తయారీ తేదీ లేదు. "రాత్రి రాసుకుంటే తెల్లారేసరికి తెల్లగా అవుతావు" అని ఎవరో ఇచ్చారట. నెల రోజులు నిజంగానే ముఖం మెరిసింది. తరువాత ఎర్రబడింది, పొయ్యి దగ్గర నిలబడితే మంట, చెంపల మీద సన్నని ఎర్రని నరాలు, గడ్డం మీద వెంట్రుకలు. మానేస్తే మంట ఇంకా ఎక్కువ, అందుకని మళ్ళీ అదే రాసేది. ఇది స్టిరాయిడ్ లక్షణం. 2011లో అచ్చయిన ఒక పరిశీలనలో, దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలకు ముఖ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టిరాయిడ్ పూత వాడుతున్నట్లు తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నది. అయినా "ఫలానా ట్యూబు ఇవ్వండి" అంటే చీటీ అడగకుండా చేతిలో పెట్టేవారు ఉన్నారు. అడిగేవారిమి మనమే కదా.

ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలచేత ట్యూబు చదివించండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే మాటలలో ఏది కనబడినా అది మసాజ్ క్రీము కాదు, మందు. ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉన్నా అంతే. ఏ పేరూ లేని డబ్బా అంతకంటే ప్రమాదం. కొన్ని తెల్లబరచే క్రీములలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చిన సంగతి పత్రికలలో వచ్చింది.

ఇంకొక మాట. ముఖం మీద చుట్టూ ఉన్న చర్మం కన్నా తెల్లగా మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తగ్గినట్లనిపిస్తే దాని మీద ఏ క్రీమూ రుద్దుతూ కూర్చోవద్దు. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఇప్పటికే నెలల తరబడి స్టిరాయిడ్ రాస్తున్నవారు ఈ వ్యాసం చదివి ఈ రాత్రే ఒక్కసారిగా మానేయవద్దు. ఎలా తగ్గించాలో డాక్టరుగారే చెప్పాలి. వచ్చేటప్పుడు ఆ ట్యూబును, అయిపోయినదైనా సరే, పారేయకుండా తీసుకురండి. ఎందుకు రాశావని మా దగ్గర ఎవరూ అడగరు.